సోమవారం తారీఖుకు కాక లేడు

గురువారం పొద్దున పక్కింటి కాక పోయాడు. గుండెపోటు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయిందని ఆయన భార్య, మేం చిన్నమ్మ అని పిలిచే ఆమె, గుమ్మంలో నిలబడి చెప్పింది. ఒక మాట ఒప్పుకోవాలి. ఆ క్షణాన నాకు ఏడుపు రాలేదు. సోమవారం, బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రెరాలో మా ఫ్లాటు కేసు తారీఖు ఉంది, మాట్లాడాల్సింది ఆయనే. ముందు గుర్తొచ్చిందీ, భయపెట్టిందీ అదే. ఈ సిగ్గులేని భయం మీకు చెప్పకుండా ఆయన గురించి రాయలేను.

కాక మాకు చుట్టం కాదు. కొత్తవాడలో మా రెండు అద్దె ఇళ్లకూ గోడ ఒకటే, అంతే. కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. నర్సంపేట రోడ్డులో కడుతున్న ఒకే అపార్ట్‌మెంట్లో ఆయనా మేమూ ఫ్లాట్లు బుక్ చేసుకున్నాం. ఇస్తానన్న తేదీ దాటి రెండేళ్లయినా బిల్డర్ ఇవ్వలేదు. మేం ఫోన్లు చేసి బతిమాలుకుంటుంటే ఆయన రిజిస్టర్ పోస్టులో ఉత్తరాలు పంపేవాడు. “ఫోన్ల జెప్పిన మాటకు సాక్ష్యం ఉండది బిడ్డా,” అనేవాడు. ఏ కాగితం చేతికొచ్చినా మూలన తారీఖు వేయందే ఊరుకునేవాడు కాదు. చిన్నమ్మ రాసిచ్చిన కూరగాయల చీటీ మీద కూడా వేసేవాడు. “నా టమాటలు గూడ వాయిదా పడ్తయా?” అని ఆమె ఎక్కిరించేది.

ఒక ఆదివారం ఆయన చర్చి నుంచి వచ్చాక మా ఆయన్నూ నన్నూ కూర్చోబెట్టి చట్టం చెప్పాడు. “రెండు తొవ్వలున్నయి. ఇల్లు వద్దనుకుంటే కట్టిన పైసలు మిత్తితోని వాపసు అడగొచ్చు. ఇల్లే గావాలంటే, లేటైన ప్రతి నెలకు మిత్తి అడుగుకుంట ఇల్లు తీసుకోవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు గూడ పోవచ్చు గానీ, రెండు పడవలల్ల కాళ్లు పెట్టొద్దు. ఏది గావాలె?” మాకు ఇల్లే కావాలి. అద్దె ఇళ్లు మారీ మారీ విసిగిపోయాం. ఆయన తలూపి, కొత్త పెన్సిల్ చెక్కి దరఖాస్తు రాయడం మొదలుపెట్టాడు.

ఆయన రాస్తుంటే నేను తల ఎత్తలేదు. ఎందుకంటే నేనొక తప్పు చేసి దాచాను.

అంతకు ముందు ఏడాది మూఢం రాబోతోందని, మళ్లీ నెలల తరబడి ముహూర్తాలుండవని మాకు పూజలు చేయించే అయ్యగారు అన్నారు. సగం కట్టిన ఫ్లాటులోనైనా పాలు పొంగించుకుంటే గండం గడుస్తుందనిపించింది. బిల్డర్ దగ్గరి సూపర్‌వైజర్ ఎంతో మర్యాదగా తాళం ఇచ్చాడు. “పూజ చేస్కోండ్రి అక్కా, ఈడ ఒక్క సంతకం,” అన్నాడు. ముహూర్తం దాటిపోతోంది. చేతిలో పాలగిన్నె, చంకలో దేవుడి పటం. చదవకుండా గేటు దగ్గరే సంతకం పెట్టేశాను. అది ఇల్లు స్వాధీనం చేసుకున్నామని రాసి ఉన్న కాగితమని మూడు నెలల తర్వాత తెలిసింది. పూజకు కాక కూడా వచ్చాడు గానీ సంతకం సంగతి ఆయనకు తెలియదు.

చివరికి ఆయన దగ్గర ఏడుస్తూ చెప్పేశాను. తిడతాడనుకున్నాను. పెన్సిల్ కింద పెట్టాడు.

“ముహూర్తం దాటిపోతదని పెట్టినవా?”

“అవు కాకా.”

“అయితే గదే చెప్పు. పాలు పొంగిచ్చినమని చెప్పు, సంతకం పెట్టిన్నని చెప్పు. మున్సిపాలిటోళ్లు ఉండనీకి పనికొస్తదని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇయ్యంది అది ఇల్లే గాదు, నువ్వు స్వాధీనం చేస్కునేది ఏంది? అబద్ధం మాత్రం ఆడకు.”

“నాకు భయమైతాంది కాకా.”

“నాకు గూడ అయితాంది. ముప్పై ఏండ్లు కోర్టుల తిరిగిన, జడ్జి నా దిక్కు జూస్తే ఇప్పటికీ నోరెండుతది. భయమైతాందని తారీఖుకు పోకుంట ఉంటమా?”

అలాంటి మనిషి పోయాడు. సమాధుల తోట నుంచి తిరిగొచ్చిన సాయంత్రమే బిల్డర్ మనిషి ఫోన్ చేశాడు. కేసు వాపసు తీసుకుంటే దసరాకు తాళాలిస్తామన్నాడు. లేకపోతే నా సంతకం ఉన్న కాగితం పెడతామని, ఇక మాకు దమ్మిడీ రాదని అన్నాడు. మా ఆయన ముఖం పాలిపోయింది. “రాజీ పడుదమా?” అన్నాడు. నేను కాక రాసిన దరఖాస్తు తీసి తారీఖు మళ్లీ చూశాను.

సోమవారం కాజీపేటలో రైలెక్కాం. హైదరాబాదులో రెరా హాలు గుమ్మం దగ్గర నిజంగానే వెనక్కి తిరిగాను. మా ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

బిల్డర్ వకీలు నా సంతకమున్న కాగితం పెట్టాడు. దాని మీద సూపర్‌వైజర్ పాలు పొంగించిన రోజు తీసిన ఫొటో పెట్టాడు. “గృహప్రవేశం గూడ చేసుకున్నారు సార్.” అధికారి నన్ను అడిగారు, నిజమేనా అని. నిజమేనన్నాను. ఆయన ఫొటోను దగ్గరికి తీసుకుని చూశారు.

“పొయ్యి వెనక అట్ట పట్టుకుని నిలబడ్డది ఎవరమ్మా?”

“మా పక్కింటి కాక సార్. మొన్న గురువారం పోయిండు.”

“అట్ట ఎందుకు పట్టుకున్నాడు?”

“గాలికి స్టవ్ ఆరిపోతాందని సార్. ఆడ కిటికీ లేదు. ఇప్పటికీ లేదు.”

ఆయన ఏదో రాసుకున్నారు, ఇంకో తారీఖు ఇచ్చారు. ఏమవుతుందో తెలియదు. భయం పోలేదు. ఆ ఫొటో కాపీ మాకూ ఇచ్చారు. రైల్లో చూస్తూ వచ్చాను. అందులో మేమంతా పాలగిన్నె వైపే చూస్తున్నాం. కాక చేతులు బార్లా చాపి, విప్పిన అట్టపెట్టెను రెండు చేతులా పట్టుకుని, ఐదో అంతస్తు గోడలో కిటికీ పెట్టాల్సిన ఆ ఖాళీకి వీపు పెట్టి నిలబడ్డాడు. గాలికి తెల్ల చొక్కా ఉబ్బి ఉంది. వెనక పట్టుకోవడానికి ఏమీ లేదు.