రేకుల పక్క

మా పేట వాలీబాల్ జట్టుకి ఒకప్పుడు సొంత మైదానం ఉండేది. మైదానం అని ఇప్పుడు గౌరవంగా అంటున్నాను కానీ, అది మా ఇంటి వెనకున్న మిరపకాయల కల్లం. జగ్గయ్యపేట బజారులో మా నాన్నది కిరాణా హోల్‌సేల్ కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, పెరటి గోడ దాటితే ఒక మిర్చి వ్యాపారి తాలూకు పెద్ద ఖాళీ స్థలం. శివరాత్రి ముందు నుంచి ఎండలు ముదిరేదాకా అక్కడ కాయలు ఆరబోసి ఉండేవి. చివరి బస్తా లారీ ఎక్కగానే హమాలీలు శుభ్రంగా ఊడ్చేవాళ్ళు, ఆటగాళ్ళు బిందెలతో నీళ్ళు చల్లేవాళ్ళు, రెండు ఇనప గొట్టాలు పాతి నెట్టు కట్టేవాళ్ళు. అక్కణ్ణించి వానలు పడేదాకా ప్రతి సాయంత్రం ఆటే.

ఎంత ఊడ్చినా ఆ నేలలో కారం పోయేది కాదు. మా వాళ్ళకి అలవాటైపోయింది. బయటి ఊరి ఆటగాడు బంతి కోసం ఒక్కసారి నేల మీద పడ్డాడంటే ఇక తుమ్ములే తుమ్ములు. మిగతా ఊళ్ళ వాళ్ళు కళ్ళు తుడుచుకుని ఓడిపోయి వెళ్ళేవాళ్ళు. నందిగామ వాళ్ళు మాత్రం ఊరుకునే రకం కాదు. మేము కావాలనే కారప్పొడి చల్లుతున్నామని గొడవపడి, ఒక ఏడాది ఆరుగురూ ముక్కులకి రుమాళ్ళు కట్టుకుని దిగారు. ఆటకొచ్చినట్టు లేరు, బ్యాంకు దోచడానికొచ్చినట్టు ఉన్నారు. కారం చల్లామన్నది శుద్ధ అబద్ధం. నీళ్ళు చల్లడంలో మా వాళ్ళు కాస్త బద్ధకించేవాళ్ళు అంటే మాత్రం నేను కాదనను.

మగవాళ్ళు కల్లం చుట్టూ గోడలెక్కి, ఖాళీ గోనెసంచులు పరుచుకుని కూర్చుని చూసేవాళ్ళు. ఆడవాళ్ళు మా డాబా మీద నుంచి చూసేవాళ్ళు. కింద అంతమంది మగవాళ్ళ మధ్యకి బజారు ఇళ్ళ ఆడవాళ్ళు దిగకూడదని ఎవరు పెట్టారో తెలియదు, కానీ దాన్ని దాటినవాళ్ళు లేరు. మా డాబాకీ ఆటకీ మధ్యలో ఆ వ్యాపారి వేయించిన రేకుల షెడ్డు ఒకటి అడ్డంగా ఉండేది. దాని కప్పు వల్ల పైనుంచి చూస్తే నెట్టుకి అవతల సగమే కనిపించేది. ఇవతల సగం మొత్తం రేకుల చాటునే. మా ఇంట్లో ఆ రెండు సగాలకీ కనపడే పక్క, రేకుల పక్క అని పేర్లు స్థిరపడిపోయాయి.

నేను చిన్నప్పుడు రెండు పక్కలూ చూశాను. తొంభైల మొదట్లో గౌను వేసుకుని తిరిగే రోజుల్లో గోడ మీద ఎక్కడ కాస్త చోటుంటే అక్కడ కూర్చునేదాన్ని. లంగా ఓణీలోకి వచ్చిన ఏడాది నన్ను చెయ్యి పట్టుకుని డాబా ఎక్కించారు. అప్పటిదాకా నిండుగా చూసిన ఆటని సగానికి కోసి ఇచ్చినట్టయింది. మూడు రోజులు అన్నం దగ్గర ఎవరితోనూ మాట్లాడలేదు. నాన్నమ్మ చూసి, "దానికి ఆకలేస్తే అదే మాట్లాడుద్ది" అంది. అలాగే జరిగింది, అది వేరే సంగతి.

అమ్మ సంగతి నాకంటే అన్యాయం. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ డాబా మీదే. పెళ్ళికి ముందు వాలీబాల్ అంటే ఏమిటో తెలియని మనిషి. వేసవిలో డాబా మీద ఎండిన వడియాలు ఎత్తడానికి వెళ్ళి, కింద అరుపులు విని ఒకసారి తొంగి చూసిందట. అంతే, ఇక ఏటా మా ఇంట్లో వడియాలు ఎత్తడానికి ఆట అయ్యేంతసేపు పట్టేది. నాన్నమ్మ కింద నుంచి "ఇంకా ఎత్తలా?" అని కేకేస్తే, "అంటుకుపోయినయ్యండీ అత్తయ్యా, మెల్లగా తీస్తన్నా" అనేది. బంతి కనపడే పక్క ఉన్నంతసేపు కళ్ళు దాని మీదే. రేకుల పక్కకి వెళ్ళగానే తల కొంచెం పక్కకి వంచి, కింద జనం ఏమంటారో వినేది. అరుపుని బట్టి పాయింటు ఎవరిదో తెలిసేది. ఎలా వచ్చిందో మాత్రం తెలిసేది కాదు.

"మనవాళ్ళు ఆ పక్క కూడా ఇట్లాగే ఆడతారంటావా?" అని నన్ను అడిగేది. ఆ పక్క మాత్రం వేరే మనుషులు ఆడతారా అని నేను విసుక్కునేదాన్ని. నేను చూశాను కాబట్టి విసుక్కోగలిగాను. ఆమెకి అది ఏళ్ళ తరబడి తీరని కోరిక. మన జట్టు రేకుల పక్క నిలబడి ఆడుతుంటే ఒక్కసారి కళ్ళారా చూడాలి, అంతే. నగలూ చీరలూ అడిగిన మనిషి కాదు. ఈ ఒక్కటీ అడగటానికి కూడా ఆమెకి నోరు రాలేదు.

మా జట్టుకి ఒక పద్ధతి ఉండేది. టాస్ గెలిస్తే ఎవరైనా సర్వీసు అడుగుతారు. మా కెప్టెన్ ఎప్పుడూ పక్క అడిగేవాడు, అదీ కనపడే పక్కే. ఆయన బజారు చివర వెల్డింగ్ షాపులో పనిచేసేవాడు, మాటలు తక్కువ మనిషి. ఎందుకలా అంటే ఎండ కళ్ళలో పడకుండా అని కొందరు, కలిసొచ్చిన పక్క అని కొందరు చెప్పుకునేవాళ్ళు. ఆ పక్కే ఎండ నేరుగా కళ్ళలో పడేదని మాత్రం ఎవరికీ తట్టలేదు.

రెండువేల సంవత్సరం దాటాక, నేను విజయవాడలో హాస్టల్లో ఉండి బీఈడీ చదువుతున్నప్పుడు, కల్లం అన్నదమ్ముల పంపకాల్లోకి వెళ్ళిందని తెలిసింది. అక్కడ షాపులు కడతారు. జట్టుకి హైవే అవతల ఎవరో స్థలం చూపించారు. వానలు పడేలోగా చివరి ఆటగా నందిగామ వాళ్ళని పిలిచారు. మూడు సెట్ల ఆట. అమ్మ ఫోన్లో ఈ కబురంతా చెప్పి, "ఇంక వడియాలు తొందరగా ఎత్తేయొచ్చులే" అంది.

నేను శనివారం బస్సెక్కాను. కంచికచర్లలో, నందిగామలో బస్సు ఆగినప్పుడల్లా ఇంట్లో ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. రాత్రి భోజనాల దగ్గర నాన్నని సూటిగా అడిగాను.

"రేపు అమ్మని కిందికి తీసుకెళ్తా నాన్నా. చివరి ఆట. రేకుల పక్క చూడాలని ఆమెకి ఎప్పటినుంచో ఉంది."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ చారు గిన్నె వైపు చూసింది. "ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, కొంచెం నొచ్చుకున్నట్టుంది. పెరటి తలుపు తీయిస్తానని, గోడ వారగా కుర్చీలు వేయిస్తానని అన్నాడు. నాన్నమ్మ ఒప్పుకోదని నేను యుద్ధానికి సిద్ధంగా ఉన్నాను. ఆమె మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, "ఆ మెట్లు దిగేటప్పుడు నన్నెవరు పట్టుకుంటారో అది చెప్పండి ముందు" అంది.

మర్నాడు సాయంత్రం ఏళ్ళ తరబడి తీయని పెరటి తలుపు నూనె పోస్తేగానీ కదల్లేదు. నాన్నమ్మ, అమ్మ, నేను, పక్కింటి పిన్ని, ఆమె కోడలు దిగాం. గోడల మీద మగవాళ్ళు ఒకసారి చూసి, మళ్ళీ ఏమీ చూడనట్టు తలలు తిప్పుకున్నారు. మా కుర్చీలు రేకుల పక్క గీతకి బాగా దగ్గర్లో వేశారు. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. కూర్చుని, చెప్పులు విడిచి పాదం నేల మీద ఆనించింది. "మంటగా ఉందే" అని నాతో మెల్లగా అంది, ఆ మాట అంటూ మురిసిపోయింది.

టాస్ మాదే. మా కెప్టెన్ ఎప్పట్లాగే అవతలి పక్క అడిగాడు. అంటే మొదటి సెట్టులో మా ముందు నందిగామ వాళ్ళు. రెండో సెట్టుకి పక్కలు మారతారు కాబట్టి, మా వాళ్ళు అమ్మ ఎదురుగా వచ్చి ఆడతారు. అమ్మ ఆ లెక్కతోనే ఓపిగ్గా కూర్చుంది.

మొదటి సెట్టు చూడలేకపోయాం. మా వాళ్ళ చేతులు వాళ్ళవి కానట్టు ఉన్నాయి. తేలిక బంతులు బయటికి కొట్టారు. సర్వీసులు నెట్టుకి తగిలాయి. పాయింటు పోయినప్పుడల్లా ఒకరి తర్వాత ఒకరు తలెత్తి, మా వెనక ఎక్కడో పైకి చూసి, దించుకుంటున్నారు. ఏం చూస్తున్నారో మాకు అర్థం కాలేదు. చూస్తుండగానే సెట్టు పోయింది.

పక్కలు మారుతున్నారు. అమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. మా కెప్టెన్ నెట్టు కింద నుంచి ఇవతలికి వచ్చి, నేరుగా మా దగ్గరికే వచ్చాడు. టవల్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మగారండీ, ఏమీ అనుకోవద్దు. ఒక మాట అడగాలి."

"అడుగు బాబూ."

"మీరు పైకెళ్ళి చూస్తారాండి? డాబా ఎప్పుడూ ఖాళీగా ఉండంగా ఆడలేదండి మేము. చేతులు ఆడటంలా."

అమ్మకి అర్థం కాలేదు. "మేము ఇన్నాళ్ళూ పైన ఉన్నామని మీకెట్లా తెలుసు?" అని అడిగింది.

"తెలియకపోవడమేంటండీ. మీరు చూస్తారనేగా టాస్ గెలిస్తే ఆ పక్క అడిగేది. ఈ పక్కకొస్తే రేకులు అడ్డమొచ్చి మీరు కనపడరు గానీ, ఉన్నారనే ధీమా ఉండేదండి" అన్నాడు. ఆ మనిషి అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే మండుతుంది. ఆమె ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఈ సెట్టు కోసం. ఆడలేనివాడు డాబాని అనడమేమిటి అని నోటిదాకా వచ్చింది. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. లేచి చెప్పులు వేసుకుంది.

"నువ్వు కూర్చో. చూసి చెబుదువుగాని" అంది.

"అమ్మా, ఇంకెప్పుడూ చూడలేవు."

"నన్ను ఇన్నాళ్ళూ లెక్కలో వేసుకున్నారే వాళ్ళు. నాకే తెలియలా" అంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. కారం వల్ల కాదు.

పిన్నీ, ఆమె కోడలూ అమ్మ వెంట వెళ్ళారు. ఒకసారి దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కడమేమిటని నాన్నమ్మ కదల్లేదు. మిగతా ఆటగాళ్ళు ఇంకా నెట్టుకి అవతలే ఆగి పైకి చూస్తున్నారు. డాబా మీద చీరలు కనపడగానే మా వాళ్ళ నడకే మారిపోయింది. నమ్మబుద్ధి కాకపోతే మానండి, నేను కళ్ళతో చూశాను. రెండో సెట్టులో నా ఎదురుగా, రేకుల పక్క, నా చిన్నప్పటి జట్టు ఆడింది. నేల మీద పడి బంతులు లేపారు. సెట్టు గెలిచారు. నేను చప్పట్లు కొడుతూనే ఉన్నాను, కొడుతున్నంతసేపూ అమ్మ కుర్చీ నా పక్కన ఖాళీగా ఉంది.

మూడో సెట్టుకి మళ్ళీ టాస్. మళ్ళీ మాదే, మళ్ళీ కనపడే పక్కే. కానీ ఆఖరి సెట్టు సగంలో పక్కలు మారాలి. మారారు. చివరి పాయింట్లన్నీ మా వాళ్ళు రేకుల చాటునే ఆడారు. ఒకటి మాకు, ఒకటి వాళ్ళకి. ఆఖరి బంతి నందిగామ పొడుగాయన చేతికి లేచింది. గట్టిగా కొడతాడని మా వాళ్ళంతా వెనక్కి తగ్గారు. ఆయన మెల్లగా తట్టాడు. బంతి నెట్టు పక్కనే పడింది. మా కెప్టెన్ ముందుకి దూకాడు గానీ చేతికి అందలేదు.

నందిగామ వాళ్ళు గెంతారు. మా గోడల మీద ఒక్క గొంతూ లేవలేదు. మా వాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ నేల మీద కూలబడ్డారు. ఎవరూ బయటికి, డాబాకి కనపడే చోటికి, రాలేదు.

పెరటి తలుపు చప్పుడైంది. అమ్మ ఒక్కతే వచ్చింది. కుర్చీల దగ్గర ఆగలేదు. గీత దాటి నేరుగా వాళ్ళ మధ్యకి నడిచింది. నాన్న గోడ దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"బాబూ, ఆఖరు బంతి ఎక్కడ పడింది? నాకు కనపళ్ళేదు" అని అడిగింది.

కెప్టెన్ తలెత్తి, లేచి, రెండడుగులు వేసి చూపించాడు. "ఇక్కడండి."

"అప్పుడు నువ్వెక్కడున్నావు?"

"ఇదిగో, ఇక్కడండి. వీడు నా వెనకున్నాడు. ఒరే, లేవరా, చూపించు."

ఒక్కొక్కరే లేచారు. బట్టలు దులుపుకుని, అంతకుముందు ఎక్కడున్నారో అక్కడ నిలబడ్డారు. అవతల పొడుగాయన ఇది చూసి తన వాళ్ళని వెనక్కి పిలిచాడు. "నేను ఎగిరింది ఇక్కణ్ణించండి, ఉండండి, చూపిస్తా" అని ఆయనా తన చోటికి వచ్చాడు. అమ్మ గీత మీద నిలబడింది. బంతి మళ్ళీ లేచింది. మా వాళ్ళు మళ్ళీ వెనక్కి తగ్గారు. పొడుగాయన మళ్ళీ మెల్లగా తట్టాడు. కెప్టెన్‌కి ఈసారి బంతి ఎక్కడ పడుతుందో తెలుసు, అందుకోగలడు కూడా. అందుకోలేదు. ఎలా జరిగిందో అలాగే దూకాడు, అలాగే చెయ్యి చాచాడు.

బంతి ఇందాక పడిన చోటే మళ్ళీ పడింది. అమ్మ అందరికీ వినపడేలా "అయ్యో" అంది.