గట్టు మీద కంబళి

2002 వేసవి. గుంతకల్లులో రైల్వే ఉద్యోగులకు ఆటలు నేర్పే కోచ్‌గా నేను చేరి అప్పటికి చాలా ఏళ్లయింది. వాలీబాల్, కబడ్డీ, పరుగు, మా మట్టి మైదానంలో ఏది కుదిరితే అది నేర్పేవాడిని. ఆ ఏడు ఎవరినైనా ట్రయాథ్లాన్‌కు తయారు చేయమన్నారు. అంటే ఈత, సైకిలు, పరుగు మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఆగకుండా చేయాలి. పోటీ మరుసటి ఏడు ఫిబ్రవరిలో, చెన్నైలో. ఈత సముద్రంలో. ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకునే ఊళ్లో సముద్రపు ఈత నేర్పమంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసే నాగరత్నమ్మ తనంతట తానే వచ్చి పేరిచ్చింది. మడకశిర పక్క పల్లె ఆమెది. వాళ్ల నాయనకు గొర్రెల మంద ఉంది.

"ఈత వచ్చునా అమ్మా?" అని అడిగాను.

"వచ్చు సార్. గొర్లు కడిగేదానికి నేర్చుకున్నా."

ఊరి బయట ఒక రైతు బావిలో కాసిన్ని నీళ్లు మిగిలి ఉన్నాయని తెలిసి అక్కడికి తీసుకెళ్లాను. ఆ రైతు మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏమప్పా, చెట్లకు తడి పెట్టేదానికే నీళ్లు లేవంటే మీకు ఈతలు కావాల్నా?" అన్నాడు. "మునిగి లేచి పోతామన్నా" అంటే, "సరే, నీళ్లు మూట గట్టుకోని పోవద్దండి" అని నవ్వి ఒప్పుకున్నాడు.

రత్న నీళ్లలో దూకి నాలుగు బారలు వేసింది. బలం బ్రహ్మాండంగా ఉంది. కానీ కుడి చెయ్యి ఒక్కటే ఈదుతోంది. ఎడమ చెయ్యి ఒంటికి కరుచుకుని ఉంది.

"ఎడమ చెయ్యి ఎందుకు ఆడదు?"

"దాంతో గొర్రె గదమ పట్టుకోని తల పైకెత్తల్ల సార్. లేకుంటే మునిగి సచ్చాది."

"ఇక్కడ గొర్రె లేదు కదమ్మా."

"నాకు తెలుసు సార్. చెయ్యికి తెలీదు గదా."

ఆ గొర్రెను ఆమె చేతిలోంచి విడిపించడానికి నాకు వర్షాకాలమంతా పట్టింది. వర్షాకాలం అంటున్నానే గానీ ఆ ఏడు వాన మాట వట్టిదే.

దసరా నాటికి వాళ్ల నాయన కరియప్పకు ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. రత్న వారం వారం ఊరికి పోవడం మొదలుపెట్టింది. హిందూపురం దాకా రైలు, అక్కడినుంచి మడకశిరకు బస్సు. ఇక పోటీ అయినట్టే అనుకున్నాను. ఆమె మాత్రం సైకిలును బ్రేక్ వ్యాన్‌లో, అంటే రైల్లో సామాన్లు వేసే పెట్టెలో, వేయించుకుని పోయేది. బస్సెక్కే బదులు హిందూపురం నుంచి ఇంటిదాకా తొక్కి, సైకిలు గోడకు ఆనించి, కాళ్లు చల్లారకముందే పొలాల వెంట పరుగెత్తేది. సైకిలు దిగీ దిగగానే పరుగెత్తే ఈ సాధనను మేము బ్రిక్ అంటాం. మొదట్లో కాళ్లు నిజంగానే ఇటుకల్లా బరువెక్కుతాయి. ఇంత కష్టం ఎందుకమ్మా, ప్రయాణం రోజు విశ్రాంతి తీసుకోరాదా అంటే, "బస్సులో కూచుంటే నాయన దగ్గే చెవుల్లో మోగుతాది సార్. తొక్కుతాంటే వినపడదు" అంది.

ఒకసారి కరియప్పను చూడటానికి నేనూ పోయాను. ఆయన మంచం మీద లేచి కూర్చుని, ఎండిపోయిన చెరువు వైపు చెయ్యి చూపించాడు.

"ఆడనే నేర్పిచ్చినా సార్ దీనికి. నేను గట్టు మీద కంబళి పట్టుకోని నిలబడేవాణ్ణి. వణుక్కుంటా వచ్చేది, కప్పేవాణ్ణి." కాసేపు దగ్గి మళ్లీ అడిగాడు. "సముద్రానికి అవతలి గట్టు యాడుంటాది?"

"అవతలి గట్టు కనపడేది కాదు పెద్దాయనా. పోయి మళ్లీ ఇవతలికే రావాలి."

"అట్లయితే మేలే. ఒక్క చోటే నిలబడొచ్చు."

పెద్దాయన సరదాగా అన్నాడనుకుని నవ్వేశాను.

పోటీ ఇంకో మూడు వారాల్లో ఉందనగా కరియప్ప పోయాడు. అప్పటికి రత్న టేపర్‌లోకి వచ్చింది. టేపర్ అంటే పోటీ దగ్గర పడ్డాక సాధన తగ్గించి ఒంటిని తేరుకోనివ్వడం. అంత మంచి ఒడుపులో నేను ఆమెను ఎన్నడూ చూడలేదు. పెద్దదినం నాడు పల్లెకు పోయాను. పదకొండో రోజది. చెరువు కింద చేనులో ఆయన్ను పూడ్చిన చోట విస్తరి వేసి సంగటి, మాంసం, ఆయన తాగే బీడీలు పెట్టారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్ల కోరిక ఏదో మిగిలిపోయిందని లెక్క. అది ముట్టేదాకా ఎవరూ అన్నం ముట్టరు.

కాకి రాలేదు. చెరువెండిపోయాక ఆ ఊరికి కాకులు రావడమే తగ్గిపోయింది. ఎండ మాడు పగలగొడుతోంది. రత్న తమ్ముడు చేతులు జోడించి, "నాయనా, మందను అమ్మను" అన్నాడు. కాకి లేదు. "అమ్మను కండ్లలో పెట్టుకోని చూస్తా" అన్నాడు. లేదు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. అప్పుడు రత్న చిన్నాయన, కరియప్ప తమ్ముడు, ఆమె వైపు తిరిగాడు.

"మా యన్న మనసు నీ మీదనే కొట్టుకుంటాండాది తల్లీ. ఆడబిడ్డ సైకిలేసుకోని ఊర్లెంబడి తిరగబట్టె. పందేలకు పోనని చెప్పు."

నేను ఊరుకోలేకపోయాను. "ఆయనకు అది ఇష్టమేనయ్యా. నాతో మాట్లాడాడు" అన్నాను.

"మీరు పెద్దోళ్లు సార్, కాదనను. ఇది ఇంటి సంగతి, ఉండండి" అన్నాడాయన. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు.

రత్న విస్తరి వైపు తిరిగింది. "నాయనా, నేను ఇంగ పందేలకు పోను" అంది. సరిగ్గా ఆ సమయానికే తమ్ముడు చెంబుతో విస్తరి చుట్టూ నీళ్లు వదిలాడు. ఎక్కడినుంచి వచ్చిందో ఒక కాకి వాలింది. మట్టి గుంటలో నిలిచిన నీళ్లలో ముక్కు పెట్టి తాగింది. తల పైకెత్తి మళ్లీ తాగింది. ఆ తర్వాతే విస్తరి దగ్గరికి పోయి మాంసం ముక్క లాగింది. "ముట్టింది! ముట్టింది!" అని అందరూ ఏడ్చారు, దండాలు పెట్టారు. నేను మాత్రం ఆ నీళ్ల గుంట వైపే చూస్తున్నాను.

చెన్నైకి ఎవరమూ పోలేదు. అయితే పెద్దదినం అయిన రెండో వారంలో ఒక తెల్లవారి రత్న బావి దగ్గరికి వచ్చింది. "పందేలకు పోనంటి. ఈతకు పోనని అనలేదు గదా సార్" అంది. నాకు ప్రాణం లేచి వచ్చింది. కాలం గడిస్తే మనసు మారుతుందిలే అనుకుని, నేను చూసింది చెప్పాను. కాకి ముందు నీళ్లకే వచ్చిందమ్మా అన్నాను.

"నేనూ చూసినా సార్."

ఆ మాటతోనే బావిలోకి దూకింది.

సంవత్సరీకానికి మళ్లీ ఆ పల్లెకు పోయాను. రత్న తల్లి లింగమ్మను అప్పుడే మొదటిసారి దగ్గరగా చూశాను. అప్పట్లో ఆమెను ఆచారం ప్రకారం పదకొండు రోజులూ లోపలి గదిలోనే ఉంచారు. ఆమె నా ముందు ఒక నల్ల కంబళి పెట్టింది.

"ఇది ఆయన ఉతికిచ్చి పెట్టుకున్నాడు సారూ. మద్రాసుకు పోవల్ల, గట్టున నిలబడల్ల, బిడ్డ చలికి వణుకుతాదని. పోయే ముందునాడు గూడా అదే మాట."

"అమ్మా, ఆ రోజే ఈ మాట చెప్పి ఉంటే..."

"నన్నెవురడిగినారు? కాకి రాలేదని చేనుకాడ అందరూ అల్లాడినారంట. ఇంట్లో నేనుండానే! ఒక్కరన్నా వచ్చి, నీ మొగుని కోరికేందే అని అడిగినారా? మీరు చేనుకాడ్నుంచి వచ్చినంక నాకు తెలిసె. అప్పుటికే బిడ్డ మాట ఇచ్చేసింది."

పెద్దదినం సాయంత్రమే ఆమె కూతురికి చెప్పిందట. అంటే ఏడాదిగా రత్నకు అంతా తెలుసు. ఆశతో ఆమె దగ్గరికి పరుగెత్తాను. మీ నాయన కోరిక అదేనని తెలిశాక ఇంకా ఆ మాటెందుకు పట్టుకున్నావు అని కాస్త గట్టిగానే అడిగాను.

"నాయనకైతే ఆ మాట అక్కర్లేదని నాకు తెలుసు సార్. నలుగురి ముందర ఇచ్చినా. రేపు తమ్ముని మందలో ఒక గొర్రె సచ్చినా, మా చిన్నాయన ఇంట్లో ఎవరికి జరమొచ్చినా, నేను మాట తప్పినందుకే అంటారు. బతికినోళ్లకు ఇచ్చిన మాటయితే తిరిగిచ్చేయమని కాళ్లు పట్టుకుంటా. దీన్ని ఎవర్ని అడగల్ల?"

ఆమె సాధన మానలేదు. ఎన్నో ఏళ్లు సైకిలు తొక్కింది, పరుగెత్తింది, ఎక్కడ నీళ్లుంటే అక్కడ ఈదింది. నా చేతుల మీద అంతకు మించిన ట్రయాథ్లాన్ మనిషి తయారు కాలేదు. ఒక్క పోటీలో కూడా ఆమె పేరు లేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కొన్నేళ్లకు మంచి వానలు పడి వాళ్ల ఊరి చెరువు నిండింది. రత్న కబురు పెడితే పోయాను. రెండు చేతులతో బారలు వేస్తూ అవతలికి పోయి తిరిగి వస్తోంది. గట్టు పొడుగునా కాకులే కాకులు. లింగమ్మ కంబళి పట్టుకుని నీళ్ల అంచున నిలబడి ఉంది.

"సారూ, సముద్రం దీనికన్నా పెద్దదా?" అని అడిగింది.

"పెద్దదేనమ్మా."

"ఆయన సరిగ్గా ఈడనే నిలబడేవాడు" అంది.

అప్పటినుంచి నా దగ్గరికి ఎవరు కొత్తగా వచ్చినా, పరుగు చూడకముందే వాళ్ల ఇంటికి పోతాను. ముందు గదిలో కుర్చీ వేసి మర్యాదలు చేసేవాళ్లతో రెండు మాటలు మాట్లాడి, "లోపల ఎవరున్నారు? వాళ్లనూ పిలవండి" అంటాను.