నేను కాలు పెట్టని ఎనిమిది నియోజకవర్గాలు

మిన్నెసోటా రాష్ట్రంలో నేను ఇంతవరకు కాలు పెట్టలేదు. కానీ ఆ రాష్ట్రాన్ని ఎనిమిది కాంగ్రెస్ నియోజకవర్గాలుగా విడదీసే గీతలు ఏ కౌంటీ పక్కనుంచి పోతాయో, ఏ ఊరిని రెండుగా కోస్తాయో ఒకప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలిగేదాన్ని. కాంగ్రెస్ అంటే ఇక్కడ పార్టీ కాదు, మన లోక్‌సభ లాంటి సభ అమెరికాకీ ఒకటి ఉంది. దానికి రెండేళ్లకోసారి ఎన్నికలు. మన జిల్లాల్లాంటివి అక్కడి కౌంటీలు. ఏ కౌంటీలో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో పాత ఫలితాలు తవ్వి తీసి, పట్టికల్లోకి ఎక్కించి, పటాలు గీయడం కెనడాలోని సస్కటూన్‌లో నేను చదువుకునే రోజుల్లో నా పని.

అమెరికా వీసా నాకు రెండుసార్లు రాలేదు. రెండోసారి హైదరాబాద్‌లో అద్దం వెనకున్నాయన నా ఫైలు తెరవనైనా తెరవలేదు. కెనడా రమ్మంది, వచ్చాను. రాజనీతి శాస్త్రంలో మాస్టర్స్. ఆ డిపార్ట్‌మెంట్‌లో అప్పటికి తెలుగమ్మాయిని నేనొక్కదాన్నే.

మా ప్రొఫెసర్ అరవై దాటిన ఆవిడ. ఆవిడ తల్లి పుట్టిల్లు మిన్నెసోటా ఉత్తరాన, ఇనుప గనుల దగ్గర. అందుకని ఆవిడ పరిశోధనంతా ఆ రాష్ట్రం మీదే. నన్ను రీసెర్చ్ అసిస్టెంట్‌గా తీసుకునేటప్పుడు, ఎన్నికల మీద ఆసక్తి ఎలా పుట్టిందని అడిగారు. మా నాన్న బడిపంతులని, ప్రతి ఎన్నికకూ డ్యూటీ పడేదని, బ్యాలెట్ పెట్టెలతో పడవెక్కి గోదావరి లంకల్లోకి వెళ్లి మర్నాడు నిద్రమొహంతో తిరిగొచ్చేవారని చెప్పాను. ఆ మాట ఆవిడకు ఎంతో నచ్చింది. ఎవరొచ్చినా నన్ను చూపించి ఆ పడవ సంగతి చెప్పేవారు. నాకూ బాగుండేది. ఆవిడ గదిలో నాకంటూ ఒక చోటు ఉందనిపించేది.

మరుసటి ఏడు విద్యార్థులు వరదలా వచ్చారు. బస్సెక్కితే వెనక సీట్లలో గుంటూరు, వరంగల్, కడప అన్నీ వినబడేవి. ఇళ్లు దొరక్క ఒక్కో బేస్‌మెంట్‌లో ఐదారుగురు సర్దుకునేవాళ్లు. నేను ఉండేది తెనాలి నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన ఒక నర్సు ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో. ఒకరోజు ఆంటీ కిందికి దిగి, "ఇంకో అమ్మాయి వస్తుందమ్మా, మీ డిపార్ట్‌మెంటే. నీ గదిలో ఇంకో మంచం వేస్తే ఏమనుకోవుగా?" అంది. ఏమనుకోనన్నాను.

ఆమెది కరీంనగర్ వైపు. నాకంటే రెండేళ్లు చిన్న. సూట్‌కేసు గోడకు ఆనించీ ఆనించకముందే, "అక్కా, మేడమ్ మెయిల్‌లో నీ గురించి రాసిండ్రు. ఏది కావాలన్నా నిన్నే అడగమన్నరు," అంది. వేడి అన్నంలో పప్పుచారు పోసి పెట్టాను. బస్ పాస్ ఎక్కడ తీసుకోవాలో, చలికి ఎలాంటి బూట్లు కొనాలో చెప్పాను. ఆ మొదటి రెండు వారాలూ నాకు ఆమె అంటే ఇష్టమే. ఆ మాట కూడా చెప్పాలి.

ల్యాబ్‌లో గోడమీది పటం ముందు నిలబెట్టి వివరించాను. ఒకటోది అడుగున, పక్క రాష్ట్రం అయోవా సరిహద్దు పొడుగునా. ఏడోది పడమట, అంతా పొలాలు. నాలుగు, ఐదు అక్కడి జంటనగరాలు. ఎనిమిదోది ఈశాన్యాన, గనులూ పెద్ద సరస్సూ.

"ఈ గీతలేందక్కా ఇట్ల వంకరటింకర?"

"పదేళ్లకోసారి జనాభా లెక్కలయ్యాక మళ్లీ గీస్తారు. ఈ ఏడే మార్చారు. ఏవి ఎటు పోయాయో తర్వాత చెప్తాలే."

తర్వాత నేను చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

అసూయ నాలో ఎప్పుడు మొదలైందో నాకు గుర్తుంది. ఒక కౌంటీ ఆఫీసు నుంచి పోలింగ్ కేంద్రాల వారీ ఫలితాలు కావాలని నేను మూడు మెయిళ్లు రాశాను. వారాలు గడిచినా జవాబు లేదు. ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుని, "ఫోన్ చేస్త అక్కా, తింటరా ఏంది," అంటూ నంబరు నొక్కింది. అవతల ఎవరో పెద్దావిడ ఎత్తినట్టుంది. ఈమె వచ్చీరాని ఇంగ్లిష్‌లో తన పేరు, తన ఊరు, ఇక్కడి చలి అన్నీ చెప్పి నవ్వింది, నవ్వించింది. మధ్యాహ్నానికి ఫైలు వచ్చేసింది. ప్రొఫెసర్ ఆ సంగతి విని పగలబడి నవ్వారు. అప్పటినుంచి ఫోన్లన్నీ ఆమెవే. కొన్నాళ్లకు ఆవిడ ఎవరికో మమ్మల్ని పరిచయం చేస్తూ ఆ ఫోన్ కథే చెప్పారు. మా నాన్న పడవ ఊసు రాలేదు. చిన్న విషయమే. కానీ ఆరోజు అన్నం సయించలేదు.

అక్టోబరులో ప్రొఫెసర్ ల్యాబ్‌లోకి వచ్చి, ఎన్నికలకు ముందు పది రోజులు కారులో ఎనిమిది నియోజకవర్గాలూ తిరగబోతున్నానని, ఓటర్లతో మాట్లాడేటప్పుడు రాసుకోవడానికి తోడు ఒకరు కావాలని అన్నారు. ఆవిడ చూపు ముందు నామీదే పడింది.

"నీకు అమెరికా వీసా ఉంది కదా?"

"లేదు," అన్నాను. రెండుసార్లు కాదన్నారన్న మాట మాత్రం నోటికి రాలేదు.

ఆ అమ్మాయి మెల్లగా చెయ్యెత్తింది. అన్నయ్యను చూడటానికి అమ్మానాన్నలతో ఒకసారి వెళ్లిందట. పదేళ్ల వీసా పాస్‌పోర్టులో అలాగే ఉందట.

ఇంటికొస్తూ బస్సులో, "నువ్వు పోవాల్సింది అక్కా. నాకన్నీ నువ్వే నేర్పినవ్," అంది. కపటం లేకుండానే అంది. అందుకే మరీ ఒళ్లు మండింది. ఆమె నన్ను దెప్పినా బాగుండేది, కోప్పడటానికి ఒక కారణం దొరికేది.

బయల్దేరే ముందు రోజు ఆమె లాప్‌టాప్ నా ముందు పెట్టింది. తిరిగొచ్చాక డిపార్ట్‌మెంట్‌లో చెప్పబోయే ప్రసంగానికి ఒక పట్టిక చేసుకుంది. ఎడమవైపు పాత ఎన్నికల ఓట్లు, కుడివైపు ఖాళీ గడులు. కొత్త ఫలితాలు రాగానే అవి నింపితే, ప్రతి నియోజకవర్గంలో గాలి ఎటు మళ్లిందో తెలుస్తుంది.

"ఒక్కసారి చెక్ చేయవా అక్కా? మేడమ్‌కి నువ్వు చూసినవని చెప్త."

నిమిషం పట్టలేదు. మిసిసిపీ నది ఒడ్డున రెండు కౌంటీలు. వెనకటి ఎన్నికల్లో అవి రెండో నియోజకవర్గంలో ఉండేవి. కొత్త గీతలతో ఒకటో దాంట్లోకి వెళ్లాయి. ఆమె వాటి పాత ఓట్లను రెండో దాంట్లోనే ఉంచేసింది. అలా పోలిస్తే, జరిగింది గీతలే అయినా, ఓటర్ల మనసే మారినట్టు కనబడుతుంది. ఒక్క మాట చెబితే పది నిమిషాల్లో దిద్దుకునేది.

"బాగానే ఉంది," అన్నాను.

ఆమె నా భుజం మీద చెయ్యివేసి, సామాను సర్దుకోవడానికి వెళ్లిపోయింది.

ఆ పది రోజులూ ఫోటోలు పంపుతూనే ఉంది. ఇళ్ల ముందు గడ్డిలో పాతిన అభ్యర్థుల బోర్డులు. చర్చి కింది హాల్లో పొడవాటి బల్లల ముందు కూర్చుని భోంచేస్తున్న ముసలివాళ్లు. ధాన్యం నిలవచేసే పెద్ద గోపురాలు, పక్కన రైలు పట్టాలు. ఒక్కో ఫోటోనూ వేళ్లతో పెద్దది చేసి చూసేదాన్ని. ఒక దాంట్లో ఊరి బోర్డు సగమే కనబడింది.

"ఏడో నియోజకవర్గంలోకి వచ్చారా?" అని మెసేజ్ పెట్టాను.

"నీకెట్ల తెలిసింది అక్కా? నాకు కార్ల కూసుంటే కూడ తెలుస్తలేదు."

ఆ జవాబు చదివి గర్వపడాలో ఏడవాలో తెలియలేదు. తెలిసినదాన్ని నేను ఇక్కడ, తెలియనిది అక్కడ. ఆదివారం చర్చిలో, ఆమె క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థన చేద్దామంది ఆంటీ. పెదవులు కదిపానంతే. నా కళ్లలో నిప్పులు పోసుకుంటున్నానని నాకే తెలుస్తోంది. అయినా ఆపుకోలేకపోయాను. ఒక మెసేజ్ చాలు, ఆ రెండు కౌంటీలు మార్చుకో అని. రెండుసార్లు టైప్ చేసి చెరిపేశాను.

ఎన్నికలయ్యాయి. ఫలితాలు మర్నాడు పొద్దున్న ల్యాబ్‌లో ఒక్కదాన్నే కూర్చుని చూశాను. రెండు వారాల తర్వాత ప్రసంగం. ముప్పైమంది దాకా వచ్చారు. నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. ఆమె బాగా మాట్లాడింది. వంటింట్లో కాఫీ ఇచ్చి రెండు గంటలు మాట్లాడిన రైతు భార్య గురించి, గని మూతపడ్డాక కూడా టోపీ మీద దాని గుర్తు తీయని ముసలాయన గురించి చెబుతుంటే గదిలో ఎవరూ కదల్లేదు. తర్వాత పట్టిక తెర మీదికి వచ్చింది.

ముందు వరసలోని ఒక ప్రొఫెసర్ చెయ్యెత్తారు. ఒకటి, రెండు నియోజకవర్గాల్లో మార్పు ఇంత ఎక్కువగా ఎందుకుంది, రెండు ఎన్నికల్లోనూ ఉన్నవి అవే కౌంటీలేనా, అని అడిగారు.

ఆమె తెరకేసి చూసింది. మొహంలో రంగు మారింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నేనైతే అదే చేసేదాన్నేమో. ఆమె మాత్రం, "నాకు తెలియదు. కానీ ఈ గీతలు అందరికంటే బాగా తెలిసినామె ఇక్కడే ఉంది," అని నా వైపు చెయ్యి చూపించింది.

అందరూ వెనక్కి తిరిగారు. లేచి నిలబడ్డాను. ఏ కౌంటీలు ఎటు మారాయో, వాటిని సర్దితే మార్పు ఎంత తగ్గుతుందో, కాగితం చూడకుండా చెప్పుకుంటూ పోయాను. ఏడాదిన్నరగా ఆ పటంతో బతికినదాన్ని, ఎక్కడా తడబడలేదు. అడిగినాయన మెచ్చుకోలుగా తలూపారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ రెండు నిమిషాలూ నాకు నిజంగా సంతోషమే. అప్పుడు మా ప్రొఫెసర్ మొహం కనబడింది. ఆవిడ నన్నే చూస్తున్నారు, నవ్వడం లేదు.

అందరూ వెళ్లాక ఆవిడ నా దగ్గరకొచ్చారు. "ఆ పట్టిక నువ్వు చూశావని తను నాకు చెప్పింది."

"చూశాను."

ఆవిడ కోటు తొడుక్కుని, గుండీలన్నీ నిదానంగా పెట్టుకుని, వెళ్లిపోయారు.

బస్ స్టాపులో మంచు సన్నగా పడుతోంది. ఆ అమ్మాయి నాకు థాంక్స్ చెబుతోంది. "నువ్వు లేకుంటే ఇజ్జత్ పోతుండె." అది విని ఇక దాచలేకపోయాను.

"నేను ఆరోజే చూశాను. తెలిసే చెప్పలేదు," అన్నాను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక రోడ్డువైపు తిరిగింది. ఒక బస్సు వచ్చి వెళ్లిపోయింది.

"ఎందుకు?"

"నువ్వు వెళ్తున్నావు, నేను వెళ్లలేను. అంతే. వేరే కారణం లేదు."

"నువ్వు వద్దన్నా నేను పోతుంటి," అంది నెమ్మదిగా. "కానీ మొహం మీద తిట్టినా అయిపోతుండె గద. పది రోజులు ఫోటోలు పంపిన నీకు."

తర్వాతి బస్సులో ఇద్దరం ఎక్కాం. ఆమె ముందు సీట్లో కూర్చుంది. నెల తిరిగేసరికి వేరే ఇంటికి మారింది. ఆంటీ కారణం అడిగితే క్యాంపస్‌కు దగ్గరని చెప్పిందట. నన్ను పట్టించలేదు.

మిన్నెసోటా పని మానేస్తానని నేనే ప్రొఫెసర్‌కు చెప్పాను. ఆవిడ కాదనలేదు. మనుషులతో మాట్లాడాలనుంటే కెనడాలో మనమున్న ఈ రాష్ట్రంలోనే పార్లమెంటు నియోజకవర్గాలు పద్నాలుగు ఉన్నాయని, వాటికి వీసా అక్కర్లేదని అన్నారు. అది శిక్షో దయో నాకు ఇప్పటికీ తెలియదు. అప్పుడు మాత్రం ఎంగిలి విస్తరి ముందు కూర్చోబెట్టినట్టనిపించింది. అయినా ఒప్పుకున్నాను. డ్రైవింగ్ నేర్చుకుని, ఆంటీని అడిగి వాళ్ల పాత కారు తీసుకుని, వేసవంతా పల్లెలు తిరిగాను. మొదట్లో తలుపు తట్టి నోరు పెగలక నిలబడేదాన్ని. ఫోన్లో ఆ అమ్మాయి ఎలా నవ్వేదో గుర్తు తెచ్చుకుని, అలాగే మొదలుపెట్టేదాన్ని. పనిచేసింది. థీసిస్ అయింది. డిగ్రీ వచ్చింది. కెనడాలోనే, వాటర్లూలో ఉద్యోగం దొరికి అక్కడికి మారిపోయాను.

మిన్నెసోటా వ్యాసం ప్రొఫెసర్ పేరుతో, ఆమె పేరుతో అచ్చయింది. పట్టికలో ఆ రెండు కౌంటీలూ సరైన చోటే ఉన్నాయి. ఆమె ఇప్పుడు అమెరికాలో పీహెచ్‌డీ చేస్తోందని ఆంటీ ఫోన్లో చెప్పింది. నేను సంతోషం అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు దేనిమీదా మనసు నిలవలేదు. తప్పు ఒప్పుకుంటే కుళ్లు పోతుందని అనుకునేదాన్ని. తప్పు ఒప్పుకున్నాను, కుళ్లు ఇంకా కొంత మిగిలే ఉంది.