నాగలక్ష్మి అతికిన పడుగు

ధర్మవరంలో నాగలక్ష్మి అవ్వ నోరు తెరిస్తే వీధిలో కోళ్ళు గంపల కింద దూరతాయి. ఆ నోటిని మరిది సంజీవప్ప ఒక్క చెంపదెబ్బతో మూయించాడు. మగ్గం తీసేసి నడింట్లో పవర్‌లూమ్ పెట్టాలని అతని పంతం.

"మగ్గం గుంత పూడ్చేద్దాం వదినా. ఇంకెవురు నేస్తారు చేత్తో?"

అవ్వ నెత్తురు ఉమ్మింది. "నా కొడుకు నేస్తాడు. కండ్లు కనపడల్యా నీకు?"

కొడుకు అమర్‌నాథ్ అడ్డం వచ్చాడు. సంజీవప్ప ఇనుప రాడ్డుతో అతని కుడిచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు అవ్వకు వినిపించింది. ఆ తర్వాత సంజీవప్ప కొడవలి తీసుకుని, మగ్గం మీద సాగదీసిన పట్టుదారాల పడుగును అడ్డంగా కోసేశాడు.

"నేయండి ఇంక!"

నేతగాళ్ళ ఇంట్లో పుట్టినా అతనికి తెలియనిది ఒకటుంది. తెగిన దారాలు అతికేది ఆ ఇంట్లో ఆడవాళ్ళు. వాళ్ళు ఆ పనికి కూర్చుంటే అతను బజారుకు పోయేవాడు. తెగిన పడుగు చచ్చినట్టే అనుకున్నాడు.

అవ్వ వాచిన పెదవికి పసుపు అద్దుకుని కోడలు మంజులను పిలిచింది. ఇద్దరూ పట్టు జారకుండా వేళ్ళకు బూడిద రాసుకుని, తెగిన ప్రతి కొసనూ దాని జత కొసతో మెలివేశారు. మెలికకొక తిట్టు చొప్పున మరిదికి ముట్టింది. పట్టుచీర పడుగులో వేల దారాలు చూసినవాళ్ళకు అవి ఎన్ని తిట్లో వేరే చెప్పక్కర్లేదు.

కొడుకు చేతికి కట్టు. అందుకని అతను గుంతలో దిగి కాళ్ళతో తొక్కుడుకర్రలు తొక్కుతూ, నేతను బిగించే పలకను ఎడమచేత్తో లాగేవాడు. పక్కనే ఇరుక్కుని అవ్వ అడ్డదారం మోసే నాడె విసిరేది.

"జరుగమ్మా, గుంతంతా నువ్వే ఉండావు."

"కడుపులో ఉన్నెప్పుడు నిన్ను జరగమన్నానా నేను?"

మగ్గం చప్పుడు విని సంజీవప్ప మళ్ళీ కొడవలితో వచ్చాడు. ఈసారి పడుగు జోలికి పోలేదు. అమర్‌నాథ్ జుట్టు పట్టి మెడ వెనక్కి వంచాడు. అవ్వ చేతిలోని నాడెకు రెండు కొసలా ఇనుప మొనలు. ఒక మొన కొడవలి పట్టిన మరిది చేతిలో దిగింది. కొడవలి జారింది. వెనకనుంచి మంజుల రోకలితో మోకాలి మీద వేసింది. అతను కూలబడ్డాడు. రోకలి మళ్ళీ లేచింది.

"సంపుతారా వదినా?"

"నిలుపే మంజులా. వీన్ని సంపితే జైల్లో మనకు మగ్గం ఎవురిస్తారు?"

అతను కుంటుతూ, గడప మీద నెత్తురు కార్చుకుంటూ పోయాడు. వీధి జనం తొంగి చూస్తున్నారు. మంజుల తలుపు వేయబోయింది.

"తీసే పెట్టు," అంది అవ్వ నాడె మొన కొంగుతో తుడుస్తూ. "చప్పుడు వాని ఇంటిదాకా పోవల్ల. నువ్వు తొక్కు నాయనా."