సుకుమారమ్మ త్రాసు, మా వాడి వెండి కడియాలు

మా ఊళ్ళో ఎవరైనా కొత్త వస్తువు కొనాలంటే ముందు సుకుమారమ్మను అడిగేవాళ్ళు. ఆమె దుత్తలూరు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలకు సూదులు వేసే నర్సు. పద్దెనిమిదేళ్ళుగా అదే పని, వారంలో ఐదు రోజులు నడక. అందువల్ల ఆమె ఏ వస్తువు గురించి చెప్పినా ఎండలో మోసి, వానలో తడిపి, ఆ తర్వాత చెప్పేది. ఆమె సంచి కంటే నోరు బరువని కిరాణా కొట్టు నారాయణయ్య అనేవాడు. అయినా తన కొట్లోకి కొత్త రకం టార్చిలైటు వస్తే ముందు ఆమె చేతికే ఇచ్చేవాడు.

ఉదయగిరిలో కుట్టించుకునే టైరు చెప్పులు మూడేళ్ళు వస్తాయని, బంకమట్టిలో మాత్రం వాటిని చేతిలో పట్టుకొని నడవాల్సిందేనని ఆమె అభిప్రాయం. హవాయి చెప్పులు మెత్తనివే కానీ తుమ్మముల్లుకు అడ్డం కావు. మీట నొక్కితే తెరుచుకునే గొడుగు పెళ్ళికి తీసుకుపోవడానికి బాగుంటుంది, గాలివానకు పనికిరాదు. బాల్‌పెన్ను మే నెలలో సిరా కక్కుతుందని రిజిస్టరంతా పెన్సిలుతో రాసుకొని, ఇంటికి పోయాక సిరాతో దిద్దేది. మందులు చల్లగా ఉంచే నీలం పెట్టె పట్టీ భుజాన్ని కోస్తోందని దానికి పాత కంబళి ముక్క కుట్టుకుంది. ఆ పెట్టె చేసినవాడు మందు గురించి ఆలోచించాడు గానీ మోసేవాళ్ళ గురించి ఆలోచించలేదని అనేది.

ఆమె ఏ వంకా పెట్టని వస్తువు ఒక్కటే, పిల్లలను తూచే త్రాసు. గడియారంలా గుండ్రటి ముఖం, కింద ఒక కొక్కెం. రెండు కాళ్ళకూ కంతలున్న గుడ్డ లాగులో బిడ్డను కూర్చోబెట్టి ఆ కొక్కేనికి తగిలిస్తే ముల్లు తిరిగి బరువు చూపిస్తుంది. నెలకొక బుధవారం మా ఊరి బాప్టిస్టు చర్చి వరండా దూలానికి దాన్ని కట్టేది. మొదటి బిడ్డను తూచే ముందు నారాయణయ్య కొట్లోంచి రెండు కిలోల రాయి తెప్పించి తగిలించేది. ముల్లు సరిగ్గా రెండు మీద ఆగితేనే తల్లులను రమ్మనేది.

నేను దుత్తలూరు హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరి అప్పటికి రెండేళ్ళు. చదివింది ఫిజిక్సు. కొలిచే సాధనాన్ని ముందు సరిచూడాలని పిల్లలకు పాఠం చెప్పేవాడినే గానీ, ప్రతి నెలా ఆ పని చేసే మనిషిని చూడటం అదే మొదలు. 1995 జూలైలో మాకు కొడుకు పుట్టాడు. పెంచలప్రసాద్ అని పేరు పెట్టుకున్నాం. వాడికి తుమ్ము వచ్చినా నాకు నిద్ర పట్టేది కాదు. పాలు తాగిన వేళలు ఒక నోటుబుక్కులో రాసేవాడిని. సుకుమారమ్మ చెప్పిన బరువులన్నీ గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి కలిపేవాడిని. అక్టోబరులో ఐదు కిలోల రెండు వందలు. నవంబరులో ఐదు ఆరు వందలు, డిసెంబరులో ఐదు తొమ్మిది వందలు, జనవరిలో ఆరు రెండు వందలు. స్కేలు పెట్టి గీసినట్టు గీత పైకి పోతోంది. ఆ కాగితాన్ని బీరువా తలుపుకు లోపలివైపు అంటించాను.

ఆ గీతే మమ్మల్ని మోసం చేసింది. ఆరో నెలలో వాడికి పెంచలకోన గుడిలో అన్నం ముట్టిస్తామని మా అమ్మ సుబ్బరత్నమ్మ మొక్కుకుంది. ఈలోగా మా పెదనాయన పోయాడు. ఏడాది గడిచేదాకా కోనకు పోకూడదు, అప్పటిదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప వేరే పెట్టకూడదని అమ్మ పట్టుబట్టింది. నా భార్య రేణుకాదేవి పాలు చాలుతున్నట్టు లేవని రెండుసార్లు చెప్పింది. నేను బీరువా తలుపు తెరిచి గీత చూపించాను. ఆమె బిడ్డను ఎత్తుకొని లోపలికి పోయింది.

ఫిబ్రవరి బుధవారం నేను స్కూలుకు సెలవు పెట్టి రేణుక వెంట వెళ్ళాను. వాడిని లాగులో కూర్చోబెట్టి తగిలించగానే ముల్లు ఊగి ఊగి ఐదు ఏడు వందల దగ్గర నిలిచింది. నెలలో అరకిలో తగ్గాడు. త్రాసు చెడిపోయిందని పైకే అన్నాను.

సుకుమారమ్మకు కోపం రాలేదు. రెండు కిలోల రాయి తగిలించింది, ముల్లు రెండు మీద ఆగింది. స్ప్రింగు చిన్న బరువుకు సరిగ్గా ఉండి పెద్ద బరువుకు తప్పవచ్చని నేను వాదించాను. ఆమె మనిషిని పంపి ఐదు కిలోల రాయి కూడా తెప్పించింది. ఐదు మీద ఆగింది. వరండాలో తల్లులందరూ పాఠం వింటున్నట్టు కూర్చున్నారు.

"త్రాసు బాగానే ఉండాది సారూ," అంది. తర్వాత రేణుక వైపు తిరిగింది. "పోయిన నెల ఈ బిడ్డ ఒంటి మీద ఏమేముండె?"

రేణుక వేళ్ళు మడుస్తూ చెప్పింది. ఉన్ని స్వెట్టరు, టోపీ, మేజోళ్ళు. కాళ్ళకు వెండి కడియాలు, చేతులకు మురుగులు, నడుముకు వెండి మొలతాడు. మొలతాడు ఒరుసుకొని నడుమంతా పేలిందని వారం కిందట వెండి అంతా తీసేసింది. ఎండ ముదరడంతో స్వెట్టరు కూడా పెట్టెలోకి పోయింది.

వాటినన్నిటినీ తెమ్మని సుకుమారమ్మ మా ఇంటికి మనిషిని పంపింది. తేగానే నారాయణయ్య కొట్టుకు నడిచింది, మేము వెనకాలే వెళ్ళాం. తన త్రాసుకు వంద గ్రాముల లోపలి సంగతి కళ్ళకు ఆనదని, చిన్న తూకానికి కొట్టు తక్కెడే నయమని దారిలో చెప్పింది. కాలి కడియాలు నూట ఇరవై గ్రాములు తూగాయి. మురుగులూ మొలతాడూ కలిపి నూట నలభై. ఉన్ని బట్టలు రెండు వందలు.

నేను జేబులోంచి చీటీ తీసి అక్కడే లెక్క వేశాను. మా ఇంట్లో ఏటా అమ్మే పొట్టేళ్ళలో ఒకదాని డబ్బు మనవడి పేరు మీద పెట్టి అమ్మ ఆ వెండి చేయించింది. కడియాలు నవంబరులో వేసింది, మురుగులూ మొలతాడూ జనవరిలో. డిసెంబరు చలికి స్వెట్టరు వచ్చింది. వాటిని తీసేస్తే నవంబరు బరువు ఐదున్నర కూడా లేదు. డిసెంబరులో ఇంకో వంద. జనవరిలో ఐదు ఏడు వందలు దాటీ దాటకుండా ఉంది. ఫిబ్రవరిలోనూ అంతే. బిడ్డ ఈ నెల తగ్గలేదు. మూడు నెలలుగా పెరగడమే దాదాపు మానేశాడు. నేను గీసిన గీతలో పెరిగింది దాదాపు సగం వెండీ ఉన్నీ.

నెల్లూరులో పిల్లల డాక్టరు దగ్గరికి ఇప్పుడే బస్సెక్కుతామన్నాను. సుకుమారమ్మ వాడి కళ్ళ రెప్పలు లాగి చూసింది, పొట్ట నొక్కింది, చిటికె వేసి వాడు తల తిప్పాడో లేదో చూసింది. జ్వరం, విరేచనాలు ఏమైనా ఉన్నాయా అని అడిగింది. డాక్టరుకు చూపించడం మంచిదే, చూపించమంది. అయితే ఆయన చెప్పబోయే మొదటి మాట తానే చెబుతానంది.

"బిడ్డకు ఆకలి, సారూ. అంతే." "నా తప్పూ ఉండాది. కడియాలు తీయమంటే అవ్వలు తగువుకొస్తారని పద్దెనిమిదేళ్ళుగా చూసీ చూడనట్టు పోయినాను," అంది.

ఇక మిగిలింది మా అమ్మ. సుకుమారమ్మ మధ్యాహ్నం పని ముగించుకొని మా ఇంటికి వచ్చింది. అమ్మ మజ్జిగ ఇచ్చింది కానీ మాట మెత్తగా లేదు. దిష్టి తగలకుండా వేసిన వెండిని తీసిందీ కాక, ఇప్పుడు మొక్కు కూడా తప్పమంటున్నారా అని అడిగింది. చర్చికి పోయేవాళ్ళకు కోన సంగతి ఏం తెలుసని కూడా అంది. ఈసారి మాట్లాడాల్సింది నేనేనని తెలుసు. గ్రాఫు కాగితం తీసి సరైన చుక్కలు ఎర్ర సిరాతో పెట్టి అమ్మ ముందు పరిచాను. అమ్మకు గ్రాఫు తెలియదు. ఎర్ర గీత చాపలా పడుకొని ఉండటం మాత్రం కనిపించింది.

సుకుమారమ్మ మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టింది.

"అక్కా, సామికి ఏమని మొక్కినావు?"

"అన్నం ముట్టిస్తానని."

"రాగిజావ సంగతి ఏమన్నా మొక్కినావా?"

"జావ మాట అనలేదు," అంది అమ్మ.

"అయితే అన్నం సామి కోసం దాచిపెట్టు. జావకు అడ్డమేంది?"

రాగులను మొలక కట్టి, ఎండబెట్టి, విసిరి జావ కాచే పద్ధతి ఆమె చెబుతుంటే అమ్మ మధ్యలో అందుకొని, అది తనకు తెలియనిదా, నలుగురిని పెంచినాను అంది. స్టీలు స్పూను చిగుళ్ళకు చురుక్కుమంటుందని, ఉదయగిరి కొయ్య స్పూను తెచ్చుకోమని, దాన్ని నీళ్ళలో నానబెడితే పొర లేస్తుంది కాబట్టి కడిగి వెంటనే తుడిచి ఎండలో పెట్టమని సుకుమారమ్మ నాకు చెప్పింది. రెండో రోజు నెల్లూరు డాక్టరు కూడా జబ్బేమీ లేదని, పై తిండి మొదలుపెట్టమని చెప్పాడు. మేము బస్సు దిగి వచ్చేసరికి రాగులు మూటలో మొలకెత్తుతున్నాయి.

మార్చి బుధవారానికి చర్చి వరండాలో కొత్త నియమం వచ్చింది. బిడ్డ ఒంటి మీద నూలుపోగు కూడా ఉండకూడదు, వెండి అసలే ఉండకూడదు. కామమ్మ అనే ముసలావిడ తన మనవరాలి గజ్జెలు తీయనని పావుగంట పోట్లాడి, చివరికి గజ్జెలను తన పిడికిట్లో పట్టుకొని నిలబడింది.

అమ్మ త్రాసు దగ్గరికి రావడం అదే మొదటిసారి. వాడిని లాగులో కూర్చోబెట్టారు. వాడు కాళ్ళు తన్నుతుంటే ముల్లు నిలవలేదు. చివరికి ఆరు వంద దగ్గర ఆగింది. నాలుగు వందల గ్రాములు, అన్నీ వాడివే. సుకుమారమ్మ పెన్సిలుతో రాసుకుంది.

"బట్టలు లేకుండానే గదా?" అని అమ్మ అడిగింది.

"కళ్ళు ఉండాయి గదక్కా, చూడు," అంది సుకుమారమ్మ. వాడిని అమ్మ చేతికిచ్చి, గజ్జెల పిల్లను తెమ్మని కామమ్మకు సైగ చేసింది.