అబద్ధాల బండ మీద సాల్మన్ చేప

మార్కాపురంలో మా పలకల షెడ్డులో, నీళ్ల డ్రమ్ము పక్కన ఒక నల్లబండ ఉంది. పలక తీయడానికి పనికిరాదని ఎప్పుడో పక్కన పడేసిన రాయి. మధ్యాహ్నం క్యారియర్లు విప్పే వేళకు షెడ్డు మొత్తంలో చల్లగా ఉండేది అదొక్కటే. దాని మీద ఎవరు కూర్చోవాలో చెప్పే అధికారం మేస్త్రీకి కూడా లేదు. అందరికన్నా పెద్ద అబద్ధం చెప్పినవాడు కూర్చోవాలి. అంతకంటే పెద్దది ఇంకొకరు చెప్పేదాకా లేవనక్కర్లేదు. తీర్పు ప్యాకింగ్ పెద్దమ్మది. పలకల్ని అట్టపెట్టెల్లో సర్దే ఆ పెద్దావిడ, అబద్ధమాడరాదని ఆదివారం చర్చిలో విని వచ్చి, సోమవారం మా అబద్ధాలకు మార్కులు వేస్తుంది.

పదకొండేళ్లు ఆ బండ నాది. నల్లమల పెద్దపులికి పంటినొప్పి వస్తే నేను లవంగం పెట్టి తగ్గించిన కథతో దాన్ని గెలుచుకున్నాను. బండతో పాటు పెద్దమ్మ డబ్బాలోని ఆవకాయ బద్ద కూడా నాకే వచ్చేది.

అట్లాంటి షెడ్డులోకి నా తోడల్లుణ్ణి నేనే తెచ్చిపెట్టుకున్నాను. నా భార్య చెల్లెలి మొగుడు, రాచర్ల వాడు. ఏళ్ల తరబడి సరుకు ఓడల్లో వంటవాడుగా తిరిగి, మోకాళ్లు అరిగాక, ఇక నేల మీదే బతుకుతానని వచ్చాడు. మేస్త్రీని బతిమాలి పనిలో పెట్టించాను. మంచివాడు, నెమ్మదస్తుడు, మాట్లాడడనుకున్నాను.

మొదటి రోజే అన్నం దగ్గర మేస్త్రీ అడిగాడు. "ఓడల్లో తిరిగినావు గదా, ఏం చూసినావబ్బా?"

"చేపలు చూసినానన్నా," అన్నాడు వాడు, చింతాకంత గర్వం లేకుండా. "కెనడా పక్క ఒక రేవులో ఆగినాం. ఆడ సాల్మన్ అని ఒక చేప. కొండల్లో వాగులో పుడతాది. పిల్లప్పుడే సముద్రానికి పోతాది. ఏళ్లు తిరిగి తిరిగి, గుడ్లు పెట్టే కాలానికి మళ్లా తాను పుట్టిన వాగుకే వస్తాది."

"దారి ఎట్ల తెలుస్తాది నాయనా?" అంది పెద్దమ్మ.

"వాసన పెద్దమ్మా. ఆ నీళ్ల వాసన మర్చిపోదంట."

"నీళ్లకు వాసనేంది?" అన్నాను నేను. ఎవరూ నా వైపు తిరగలేదు.

"ఏట్లోకి వచ్చినాక తిండి ముట్టదు. రంగు మారతాది, మూతి వంకర పోతాది. ఎదురునీటికి ఎగిరెగిరి పోయి, గుడ్లు పెట్టి, ఆడనే చచ్చిపోతాది. ఎలుగుబంట్లు వాటిని అడవిలోకి ఈడ్చుకపోయి, సగం తిని వదిలేస్తాయి. మిగిలింది చెట్లకు ఎరువు. సముద్రంలో మేసింది కొండ మీద చెట్టుకు చేరింది, చూడు."

మేస్త్రీ చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. పదకొండేళ్లలో నా కథకు ఒక్కడి ముద్దయినా ఆగిన జ్ఞాపకం లేదు. నవ్వుతూ తింటూ వినేవాళ్లు. ఆ ముద్ద ఆగడం చూశాక నాకు అన్నం సయించలేదు.

మర్నాడు అదే చేపను చిలీకి చేర్చాడు. భూమికి కింది కొసన ఉండే దేశమట. అక్కడ ఈ చేప పుట్టుకే లేదట.

"మనుషులే తెచ్చి, సముద్రంలో వలల గూళ్లు కట్టి పెంచినారు. తుఫానుకు వలలు చినిగి కొన్ని బయటపడినాయి. పడినవి ఊరికే ఉంటాయా? తెలియని ఏర్లలోకి ఎగబాకి గుడ్లు పెట్టినాయి. ఇప్పుడు వాటి పిల్లలకు ఆ ఏరే సొంతూరు. ఎంత దూరం పోయినా ఆడికే వస్తాయి."

"మరి ముందునుంచి ఆడ ఉన్న చేపల సంగతేంది?" అన్నాను. ఆ షెడ్డులో నేను మనస్ఫూర్తిగా అడిగిన మొదటి ప్రశ్న అది.

"వాటి మేత ఇవి మేస్తాయన్నా. చిన్న చేపలైతే వాటినే మింగుతాయి," అంటూ పెద్దమ్మ డబ్బాలో చెయ్యి పెట్టి ఆవకాయ బద్ద తీసుకున్నాడు. ఆవిడ డబ్బానే వాడి వైపు జరిపింది.

ఇంటికి పోతే అక్కడా సాల్మనే. "మా చెల్లెలి మొగుడు చెప్తాంటే సినిమా చూసినట్లుందంట," అంది నా భార్య. "నువ్వు ఎప్పుడన్నా కనిగిరి దాటినావా?"

ఇక లాభం లేదని నా గట్టి కథ బయటికి తీశాను. కంభం చెరువు అడుగంటితే ఒక కొర్రమీను బస్సెక్కి మార్కాపురం వచ్చిన కథ. ఆడ కొర్రమీను కాబట్టి ఆడవాళ్ల ఉచిత బస్సులో టికెట్ లేదు, కానీ కండక్టరు ఆధార్ అడిగాడు... ఆధార్ దాకా వచ్చేసరికి పెద్దమ్మ ఆవలించింది.

"ఇది పోయినేడు చెప్పినావు నాయనా. అప్పుడు అది పొదిలికి పోయింది."

అందరూ నవ్వారు. తోడల్లుడు కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "వీడు చెప్పేది నమ్ముతాండారా? చేప వాసన చూసి ఊరికి రావడమేంది? చెట్లు చేపలు తినడమేంది? అంతా అబద్ధం!"

పెద్దమ్మ తాపీగా చెయ్యి కడుక్కుంది. "గ్యారంటీగా అబద్ధమేనా?"

"గ్యారంటీ!"

"అయితే నువ్వు లెయ్. ఇంత పెద్ద అబద్ధం ఈ షెడ్డులో ఇంతవరకు పుట్టలా."

"అబద్ధం కాదు పెద్దమ్మా, నిజం," అన్నాడు తోడల్లుడు.

"మంచి అబద్ధికుడు అట్లనే అంటాడు. కూర్చో నాయనా."

నా నోటితోనే నా బండ పోగొట్టుకున్నాను. వారం రోజులు గోనెపట్టా మీద కూర్చుని తిన్నాను. కింద రాతిపొడి, పైన రేకుల వేడి. ఎదురుగా చల్లటి బండ మీద వాడు, వాడి ఒళ్లో నా ఆవకాయ. ఇక దారి ఒక్కటే. వాడు నిజం చెప్పాడని నిరూపించాలి.

మా అమ్మాయి కాలేజీలో జువాలజీ చదువుతోంది. ఎక్కడో ఒకచోట వాడు బొంకి ఉంటాడని, అది దొరికితే ఇంట్లోనైనా వాడి పరువు పోతుందని, ఒక్కో మాటా అడిగాను. వాసన నిజం. ఎలుగుబంట్లు నిజం. చెట్లు నిజం. చిలీ నిజం. ఒక్క మాటయినా కొంచెం పెంచి చెప్పలేదు, దుర్మార్గుడు. పెంచకుండానే అంత కథ ఎట్లా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఫోను తీసుకెళ్లి, అన్నాల దగ్గర వీడియో పెట్టాను. నీళ్లకు ఎదురెగిరే చేప, నోరు తెరుచుకుని నిలబడ్డ ఎలుగుబంటి. పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చూసింది.

"నిజమేనే! అయితే బండ దిగు నాయనా. నిజం చెప్పేవాళ్లకు కాదది."

వాడు వెంటనే దిగాడు. దిగి నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఇంటికాడ కూడా నా మాట ఎవరూ నమ్మలా. నువ్వొక్కడివే నాకోసం ఇంత ఎతికినావు."

చెయ్యి విడిపించుకుని బండెక్కి కూర్చున్నాను. చల్లగా ఉంది. గొంతు సవరించుకుని, "కంభం చెరువులో..." అని ఎత్తుకున్నాను.

ఎదురుగా ఎవరూ లేరు. అందరూ గోనెపట్టా దగ్గర, వాడి చుట్టూ చేరారు. పెద్దమ్మ డబ్బా కూడా అక్కడే ఉంది. నిజమని తేలాక వాళ్లకు అడగాల్సినవి ఇంకా పెరిగాయి. గుడ్లెన్ని పెడతాది? ఎలుగుబంటి నీ దగ్గరికి వచ్చినాదా? వాడు ఏదో మెల్లగా చెబుతున్నాడు, బండ దగ్గరికి సగమే వినబడుతోంది.

కాసేపు పళ్లు కొరుక్కుంటూ ఓర్చుకున్నాను. ఆ తర్వాత లేచి, రెండు చేతులతో బండ పట్టుకుని, రొప్పుతూ, గీసుకుంటూ, వాళ్ల పక్కదాకా ఈడ్చుకెళ్లాను.