నీలం కోటు చిరుగు

ఉన్నిగుడ్డ మీద తడిబట్ట పరిచి ఇస్త్రీపెట్టె ఆనించినప్పుడు లేచే ఆవిరి వాసన ఎక్కడ తగిలినా సరే, నేనున్నది కడపలోనని మరిచిపోయి, కువైట్ జాబ్రియాలో నాయిన కుట్టుమిషను పక్కకు వెళ్ళి కూర్చుంటాను.

ఎనభైల మొదటి రోజులు, నాకు తొమ్మిదేళ్ళు. ముందు నాయిన టైలరు అంగడి, వెనక గదిలో మా సంసారం, పై అంతస్తులో ఇంగ్లిషు పిల్లల బడిలో చరిత్ర చెప్పే టీచరమ్మ. వేసవంతా ఇసుకగాలికి తలుపుసందుల్లో తడిగుడ్డలు కుక్కుకొని బతికే మాకు చలికాలమంటేనే పండగ. పొద్దున్నే వేడివేడి ఖుబ్జ్ రొట్టె, దాంట్లోకి రాయచోటి నుంచి తెచ్చుకున్న ఎర్రకారం, ముక్కు కారేదాకా తినేవాళ్ళం.

ఆ ఏడాది టీచరమ్మ, అమెరికావాళ్ళు బ్రిటిషు రాజు మీద తిరగబడి చేసిన యుద్ధాన్ని బడిపిల్లల చేత నాటకంగా ఆడించాలనుకుంది. పుస్తకంలో బొమ్మ చూపించి, రాజు సిపాయిలకు నాలుగు ఎర్రకోట్లు, తిరగబడ్డవాళ్ళకు నాలుగు నీలం కోట్లు కుట్టమంది. అరబ్బుల పొడుగు అంగీలు తప్ప ఎరగని నాయినకు ఎంత సంబరమో! ఆమెకు నచ్చితే బడి యూనిఫారాల పనంతా మాకే వస్తుందని ఆశ. కోట్లు కుట్టి ఇచ్చాక మిగిలిన ఇత్తడి గుండీలతో నేను అచ్చనగాయలు ఆడుకున్నాను.

ఆట ముందురోజు పొద్దున, నాయిన లేనప్పుడు, ఆమె నీలం కోట్ల మూట అంగడిలో పెట్టి, రేపు తీసుకుంటానని సైగ చేసి పోయింది. అమ్మ విప్పి చూసి లబోదిబోమంది. మోచేతులు చిరిగి, అంచులు పీలికలై, నిండా బురద!

"ఎంత నాశనం జేసినారే పిల్లోళ్ళు! నలుగురూ చూస్తే మీ నాయిన పేరేం గావాల?" అని కొంగు దోపింది.

సూదుల్లో దారం ఎక్కించడం నా పని. అమ్మ కోట్లు ఉతికి, సెగన ఆరబెట్టి, లోపలి మడతల్లోంచి లాగిన పోగులతోనే రఫూ కుట్టి, ఇస్త్రీ చేసి, పొద్దుగూకేసరికి పెళ్ళికొడుకు బట్టల్లా మడిచిపెట్టింది.

మర్నాడు ఆట చూడ్డానికి మేమూ బడికి పోయాం. ఆవరణలో ఆ కోట్లు చూసి టీచరమ్మ తల పట్టుకుంది. ఆ నీలం కోట్ల సిపాయిలు మంచులో, తిండి లేక, చిరుగుపాతలతో చలికాలం గడిపారట. అందుకే ఆమే కత్తెరతో చింపి బురద పూసి, ఆటదాకా భద్రంగా ఉంటాయని మా అంగడిలో పెట్టిందట! నాయిన వచ్చీరాని ఇంగ్లిషులో విన్నది అమ్మకు చెబుతుండగానే, టీచరమ్మ మళ్ళీ కత్తెర తీసింది.

అమ్మ కోటు లాక్కొని ఒళ్ళో పెట్టుకుంది. "చింపితే మళ్ళా కుడతా. ఎన్నిమార్లైనా కుడతా. ఖలాస్!"

నాయిన నెత్తి కొట్టుకున్నాడు. పని పోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది. టీచరమ్మ మాత్రం తాను చింపిన చోటు కోసం కోటంతా వెతికింది, దొరకలేదు. అప్పుడు నవ్వి నాయినతో ఏదో చెప్పింది. ఆ దండు వెంట ఆడవాళ్ళూ నడిచేవారట, బట్టలుతికి చిరుగులు కుట్టేవారట, వాళ్ళ పేర్లు పుస్తకాల్లో పెద్దగా లేవట. అమ్మను ఆటలో కూర్చోమందట.

"అయ్యో, అందర్లోనా! సిగ్గుగాదా!" అంటూనే అమ్మ సూది తీసుకొని, కుంపటి పక్కన ఇసుకలో కూర్చుంది. నీలం కోట్ల పిల్లలు చలికి వణికినట్టు నటిస్తున్నారు. అమ్మకు నటనేం తెలుసు? ఒకణ్ణి దగ్గరకు లాగి, "మెడకాడ గుండీ ఎయ్యి నాయినా, సలి" అని తనే వేసింది. ఆ తెల్లపిల్లాడు ఆమె పక్కనే ఒదిగిపోయాడు. ఆవరణంతా ఒకటే చప్పట్లు.

యూనిఫారాల పని మాకే వచ్చింది. ఇప్పుడా అంగడి లేదు, నాయిన లేడు, టీచరమ్మ ఏ దేశంలో ఉందో తెలియదు. అమ్మ పోయి మూడేళ్ళు. ఆమెకు టీచరమ్మ ఇచ్చిన నీలం కోటు మాత్రం నా బీరువాలో ఉంది. నిన్న దానికి ఇస్త్రీ చేస్తూ, చిరుగు ఎక్కడుండేదో వేళ్ళతో తడిమి తడిమి చూశాను. దొరకలేదు. "యాడమ్మా?" అని వంటింటి వైపు తిరిగి గట్టిగానే అడిగేశాను.